జూడిత్ స్కాట్ మీద డాక్యుమెంటరీ తీసినవాళ్ళు: నోరు విప్పని కళాకారిణిని కెమెరాతో ఎలా పట్టుకున్నారు?

లేసుపువ్వు
అందరికీ నమస్తే. మాది నరసాపురం పక్కన పల్లెటూరు. మా మేనత్తకి పుట్టు చెవుడు, మాట రాదు. పదేళ్ళప్పటి నుంచి లేసు అల్లుతోంది, ఇప్పుడు ఆమెకి 58. ఆమె మీద ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ తీద్దామని రెండు నెలలుగా షూట్ చేస్తున్నాను. నిన్న రాత్రి కూర్చుని నాలుగు గంటల ఫుటేజీ మొత్తం చూశాను. అమ్మ మాట్లాడుతోంది, బాబాయి మాట్లాడుతున్నాడు, లేసు ఏజెంటు మాట్లాడుతున్నాడు. అందరూ అత్త గురించే చెబుతున్నారు కానీ అత్త మాత్రం ఎక్కడా లేదు. నిద్ర పట్టలేదు.

ఇలాంటి పరిస్థితి ఇంకెవరికైనా వచ్చిందా అని వెతుకుతుంటే అమెరికా కళాకారిణి జూడిత్ స్కాట్ కనిపించింది. ఊలు, దారం, గుడ్డపేలికలతో వస్తువుల్ని చుట్టి చుట్టి శిల్పాలు చేసిన మనిషి. ఆమెకి డౌన్ సిండ్రోమ్. పసితనంలో వచ్చిన జ్వరంతో చెవులు పోతే, ఆ సంగతి ఏళ్ళ తరబడి ఎవరూ గుర్తించలేదట. ఆమె మీద సినిమాలు తీసినవాళ్ళు ఈ చిక్కు ఎలా విప్పుకున్నారు? చూసినవాళ్ళుంటే చెప్పండి. మీరు ఇలాంటి పని చేసి ఉంటే మీ అనుభవం కూడా రాయండి.

గోదావరి_రీలు
చూశానండి. ముందు ఒక విషయం. జూడిత్ చనిపోయింది 2005 మార్చిలో, 61వ ఏట. మరుసటి ఏడాదే, అంటే 2006లో, ఆమె మీద మూడు డాక్యుమెంటరీలు వచ్చాయి. అమెరికా నుంచి బెట్సీ బేహా తీసిన 26 నిమిషాల 'అవుట్‌సైడర్'. ఫ్రాన్స్ నుంచి ఫిలిప్ లెస్పినాస్ తీసిన చిన్న సినిమా. స్పెయిన్ నుంచి లోలా బర్రెరా, ఇన్యాకి పెన్యాఫియెల్ కలిసి తీసిన పూర్తి నిడివి చిత్రం. ఒకే మనిషి కోసం మూడు దేశాల వాళ్ళు కెమెరాలు పట్టుకుని వెళ్ళారు, ఆమె ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

స్పెయిన్ వాళ్ళ సినిమా పేరుకి అర్థం 'నీ టోపీ కింద ఏముంది?' అని. జూడిత్‌కి టోపీలు, తలగుడ్డలు, పూసల దండలంటే ప్రాణం. పేరే ప్రశ్నగా పెట్టుకున్నారు చూడండి, అది నాకు బాగా నచ్చింది. జవాబు మాకు తెలుసు అని వాళ్ళు ఎక్కడా అనలేదు.

ఈ సినిమాల్లో కథ నడిపేది జూడిత్ కవల సోదరి జాయిస్. ఏడేళ్ళ వయసులో, 1950లో, జూడిత్‌ని ఒహాయోలో ఒక సంస్థలో చేర్పించారు. 35 ఏళ్ళు అలాంటి సంస్థల్లోనే ఉంది. జాయిస్ పట్టుబట్టి, చట్టప్రకారం సంరక్షకురాలై, కాలిఫోర్నియా తెచ్చుకుంది. 1987లో ఓక్లండ్‌లో వైకల్యం ఉన్న కళాకారుల కోసం నడిచే క్రియేటివ్ గ్రోత్ అనే కళాకేంద్రంలో చేర్పించింది. సుమారు రెండేళ్ళు జూడిత్ దేని మీదా మనసు పెట్టలేదు. తర్వాత సిల్వియా సెవెంటీ అనే ఫైబర్ ఆర్టిస్టు (దారం, ఊలు, గుడ్డలతో కళ చేసే మనిషి) అక్కడ నేర్పడానికి వచ్చినప్పుడు జూడిత్ పుల్లలకు దారం చుట్టడం మొదలుపెట్టింది. ఇక చనిపోయేదాకా ఆపలేదు. రెండు వందల దాకా శిల్పాలు చేసింది.

చెల్లికోసం
నా చెల్లెలికి మానసిక ఎదుగుదల తక్కువ. అందుకే ఈ కథలో ఒక ముక్క నన్ను వదలదు. జూడిత్ పాత రికార్డులు తిరగేస్తే జాయిస్‌కి ఒక సంగతి తెలిసింది. చిన్నప్పుడు ఆ సంస్థలో జూడిత్ రంగు పెన్సిళ్ళు పట్టుకుంటే, ఈ పిల్లకి బొమ్మలు వేసే తెలివి ఎక్కడిదని లాగేసుకున్నారట. వినపడని పిల్లని మాటలతో పరీక్షించి, తెలివి లేదని రాసి పెట్టారు. అది చదివిన రోజు నేను ఏడ్చాను.

లేసుపువ్వు గారూ, మీ అత్త గురించి ఇంట్లోవాళ్ళు చెప్పేవి తీసేయకండి. జాయిస్ లేకపోతే జూడిత్ లేదు. కాకపోతే జాయిస్ తన సంగతి తను చెబుతుంది: నాకేం జరిగింది, జూడిత్‌ని తీసుకెళ్ళిపోయిన రోజు నాకెలా ఉంది, అని. జూడిత్ మనసులో ఇది ఉంది అని తీర్పు చెప్పదు. మీ అమ్మగారిని కూడా అలాగే అడిగి చూడండి. "వదిన ఏమనుకుంటుంది?" అని కాదు, "వదినతో నీకు గుర్తున్న రోజు ఏది?" అని.

మగ్గంగుంట
మాది చీరాల వైపు. ఒక టీవీ చానల్ వాళ్ళు మా నాయనమ్మ మీద ప్రోగ్రాం అని వచ్చారు. పేరు చెప్పను. నేసేటప్పుడు కట్టుకునే చీర పక్కన పెట్టించి, ఆమెకి పట్టుచీర కట్టించి మగ్గం గుంటలో కూర్చోబెట్టారు. లైట్లు పెట్టి "నవ్వుతూ నాడె విసరమ్మా" అని పది సార్లు చేయించారు. పడుగు పోగులు ఏడో ఎనిమిదో తెగాయి. వాళ్ళు వెళ్ళాక రాత్రి పదింటిదాకా ఒక్కో పోగు అతుక్కుంటూ కూర్చుంది. వాళ్ళ ప్రోగ్రాంలో లేనిది అదే, ఆ అతుకు. వేలి కొనలు తడి చేసుకుని, రెండు పోగులు కలిపి ఇలా ఒక్క మెలిక తిప్పుతుంది, ముడి ఎక్కడుందో మనకి కనపడదు. నాకు చేతనైతే సినిమా అంతా అదే తీస్తాను.

మీ అత్త పనిలో అలాంటి క్షణం ఏదో ఉంటుంది. అది దొరికేదాకా కెమెరా ముందు ఆమెని ఏమీ చేయమనకండి.

బే_ఏరియా_పెద్దమ్మ
మేము ఫ్రీమాంట్‌లో ఉంటాం. 2024లో శాన్ ఫ్రాన్సిస్కో మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో క్రియేటివ్ గ్రోత్ 50 ఏళ్ళ సందర్భంగా పెద్ద ప్రదర్శన పెట్టారు. మా మనవణ్ణి తీసుకెళ్ళాను. జూడిత్ పని దగ్గర వాడు కదల్లేదు. దగ్గరికెళ్ళి చూస్తే ఒక రంగు ఊలు కింద ఇంకో రంగు, దాని కింద ఇంకోటి, ఎక్కడ మొదలైందో తెలియదు. "అమ్మమ్మా, లోపల ఏముంది?" అని వాడు పదే పదే అడిగాడు. లోపల ఏవైనా ఉండొచ్చు. ఆమె గొడుగులు, పత్రికలు, ఫ్యాన్లు, ఒకదాంట్లో ఏకంగా షాపింగ్ బండి పెట్టి చుట్టేసింది. కొన్నింటిని ఎక్స్‌రే తీసి చూశారట. నాకది అంత నచ్చలేదు. ఆమె మూసింది మనం ఎందుకు తెరవాలి?

ఇంకోటి. ఒకసారి చేతికి దారం దొరకకపోతే చేతులు తుడుచుకునే కాగితాలు తెచ్చి, మెలిపెట్టి, ముడులు వేసి, మొత్తం తెల్లటి శిల్పం చేసింది. ఆమె పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

బూమ్‌మైక్
సౌండ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. పదేళ్ళుగా లొకేషన్ సౌండ్ చేస్తున్నాను. వినపడని మనిషి మీద సినిమా అనగానే ఎడిటింగ్‌లో వీణో వేణువో పెట్టి ఖాళీ నింపేస్తారు. దయచేసి వద్దు. సూది దారంలోంచి దూరేటప్పుడు చిన్న చప్పుడు వస్తుంది, గాజులు కదులుతాయి, ఫ్యాన్ తిరుగుతుంది. మైకు ఒడి దగ్గర పెడితే అవన్నీ దొరుకుతాయి. ఒకటి రెండు చోట్ల సౌండ్ పూర్తిగా తీసేయండి, ఆమెకి ఇల్లు ఎలా ఉంటుందో చూసేవాళ్ళకి అర్థమవుతుంది. అలాగే మీ ఇంట్లో ఆమెతో మాట్లాడే సైగలు ఉంటాయి కదా, వాటికి కింద తెలుగు అక్షరాలు వేయండి. జూడిత్‌కి సైగల భాష కూడా ఎవరూ నేర్పలేదు. మీ అత్తకి ఇంటి భాష ఉంది, అది చిన్న విషయం కాదు.

నిజంగా_అడుగుతున్నా
ఒక సందేహం అండి. జూడిత్ సినిమాకి ఒప్పుకుందా? ఆమెకి కెమెరా అంటే ఏమిటో తెలుసా? ఆమె తరఫున నిర్ణయాలు తీసుకునేది సంరక్షకురాలైన జాయిస్. మంచి మనసుతో తీసినా, అడగకుండా తీసినట్టే కదా. మీ అత్త విషయంలో కూడా ముందు తేల్చుకోవాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

గోదావరి_రీలు
మంచి ప్రశ్న. దీనికి తేలికైన జవాబు లేదు. నేను చూసేది తీసినవాళ్ళు తర్వాత ఏం చేశారనేది. సినిమా అయిపోయాక లోలా బర్రెరా ఆ లోకాన్ని వదిలి వెళ్ళిపోలేదు. 2007లో లూయిస్ సాయెజ్‌తో కలిసి మాడ్రిడ్‌లో మేధో వైకల్యం ఉన్న కళాకారుల కోసం ఒక వేదిక మొదలుపెట్టింది. దాని పేరు 'దెబాహో దెల్ సోంబ్రెరో', అంటే 'టోపీ కింద'. సినిమా పేరులోంచే తీసుకున్నారు. జూడిత్‌కి ఓక్లండ్‌లో దొరికిన బల్ల, దారాలు, తొందరపెట్టని మనుషులు, అవే అక్కడి వాళ్ళకి దొరికేలా చేశారు. డాక్యుమెంటరీ తీసేవాళ్ళలో ఎంతమంది ఇలా చేస్తారు? నా దృష్టిలో ఆ సినిమా సగం తెర మీద ఉంది, సగం మాడ్రిడ్‌లో ఉంది.

ఒప్పుకోలు సంగతి: జూడిత్ ఒక పని పూర్తయిందనుకుంటే దాన్ని అవతలికి నెట్టేసేదట. అంటే వద్దు, చాలు అని చెప్పడం ఆమెకి వచ్చు. కెమెరా పట్టుకున్నవాడికి ఆ నెట్టడం కనపడాలి, కనపడగానే ఆపాలి.

చెల్లికోసం
అవును. మా చెల్లి ఫోటో వద్దనుకుంటే మొహం గోడకి తిప్పుకుంటుంది. ఇంట్లో అందరికీ తెలుసు. కొత్తవాళ్ళకి తెలియాలంటే వారం పడుతుంది. ఆ వారం కెమెరా బ్యాగులోనే ఉండాలి.

లేసుపువ్వు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మీరు రాసినవన్నీ మళ్ళీ మళ్ళీ చదివాను. మొదటి వారం కెమెరా బయటికి తీయలేదు. అత్త పక్కన కూర్చుని నేను కూడా అల్లడానికి ప్రయత్నించాను. నా పువ్వు మెలికలు పోతే ఆమె నా చేతిలోంచి లాక్కుని మొత్తం విప్పేసి, దారం నా ఒళ్ళో పెట్టింది.

మగ్గంగుంట గారూ, ఆ క్షణం దొరికిందండి. మా దగ్గర ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు వాటిని కలుపుతారు, దాన్ని అతుకుపని అంటారు. అత్త అతుకుపని చేస్తుంది. వేరే ఇళ్ళ నుంచి వచ్చిన పువ్వుల్ని మోకాలి మీద పరిచి, బొటనవేలితో ఒక్కోదాన్ని నొక్కి చూస్తుంది. బిగువు తేడాగా ఉన్నవి పక్కన పెట్టేస్తుంది. ఎవరి చేతి పువ్వు ఏదో ఆమెకి తెలుసు. ఒక పువ్వు చూపించి పక్క వీధి వైపు చెయ్యి చాపింది, ఇంకోటి చూపించి ముసలావిడలా నడుం వంచింది. ఆ నడుం వంపు చూసి ఎవరో నాకు వెంటనే తెలిసిపోయింది. ఇన్నేళ్ళలో ఈ సంగతి మాలో ఎవరం గమనించలేదు.

రెండో వారం ట్రైపాడ్ పెట్టాను. నలభై నిమిషాలు తీసి, ఫోన్‌లో చూపించాను. చూసి తల అడ్డంగా ఊపింది. వద్దంటోందేమో అని టెన్షన్ వచ్చి కెమెరా ఆపేశాను. ఆమె లేచి, ట్రైపాడ్‌ని రెండు చేతులతో ఎత్తి కిటికీ పక్కన పెట్టింది. అక్కడి నుంచి చూస్తే దారం మీద వెలుగు పడుతోంది. వెళ్ళి తన పీట మీద కూర్చుని, మోకాలి మీద పువ్వులు పరుచుకుని, నా వైపు చూసి గడ్డం ఎగరేసింది, ఊఁ కానీ అన్నట్టు.