ఆరు నెలల గడువు రూలు: పాస్‌పోర్టు ముందే మార్చాలా, ఉన్నదానితో వెళ్లొచ్చా?

కోట_జంక్షన్ (విజయనగరం):
పాస్‌పోర్టు ముగింపు తేదీ 8-2-2027. నలుగురం వెళ్తున్నాం, ప్రయాణం 2026 ఆగస్టు 9 రాత్రి, బాలిలో దిగేది 10 ఉదయం. ట్రావెల్స్ ఆయన "180 రోజులుంటే చాలు, మీకు 182 ఉన్నాయి, నిక్షేపంగా వెళ్లండి" అంటున్నాడు. ఇది సరైన లెక్కేనా? అయినా ఫిబ్రవరి దాకా చెల్లుతుందని అచ్చేసి ఇచ్చిన పుస్తకం ఆగస్టులోనే చెల్లదంటే ఏటండీ న్యాయం?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):
సరి కాదండి. బాలి ఉన్నది ఇండోనేషియాలో, వాళ్లు అడిగేది దిగిన రోజు నుంచి ఆరు నెలలు. 180 రోజులని కాదు. ఆగస్టు 10 నుంచి ఆరు నెలలంటే ఫిబ్రవరి 10. మధ్యలో 31 రోజుల నెలలు నాలుగు, 30 రోజులవి రెండు, మొత్తం 184. మీకు రెండు రోజులు తక్కువ. రాత్రి విమానంతో ఇంకో చిక్కుంది. బయల్దేరిన తేదీ కాదు, దిగిన తేదీ చూస్తారు.

ఉద్దానం_కొబ్బరి:
బాలికి ఒప్పుకుంటాను. కానీ "ఆరు నెలలు లేకపోతే ఏ దేశానికీ పోలేం" అని ఏజెంట్లు బెదిరించేది మాత్రం అబద్ధం. జపాన్, బ్రిటన్‌లకు అక్కడున్నన్నాళ్లు చెల్లితే చాలు. షెంగెన్ దేశాలకు (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాలు) తిరుగు ప్రయాణం తేదీ తర్వాత మూడు నెలలు ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. అమెరికాకు ఆరు నెలల రూలుంది గానీ మినహాయింపు దేశాల జాబితాలో మనం ఉన్నాం. నేపాల్‌కైతే ఓటరు కార్డుతోనే పోవచ్చు. ఇంకో సంగతి, మన దగ్గర రీఇష్యూ చేస్తే, అంటే పాతదాని బదులు కొత్త పుస్తకం తీసుకుంటే, పాతదాంట్లో మిగిలిన నెలలు కొత్తదానికి కలపరు. ఏడాది ముందే పరిగెత్తేవాళ్లు ఏడాది పారేసుకుంటున్నట్టే.

నాగావళి_ఒడ్డు:
ఎంత పారేసుకుంటున్నారో లెక్కేద్దాం. 36 పేజీల పుస్తకానికి ఫీజు 1500, పదేళ్లంటే 120 నెలలు. నెలకు పన్నెండున్నర రూపాయలు. తొమ్మిది నెలలు వదులుకున్నా 112 రూపాయల 50 పైసలు. దానికోసం నలుగురి టికెట్లు పణంగా పెడతారా?

పైగా కౌంటర్ దగ్గర న్యాయం అడిగితే లాభం లేదు. చెక్-ఇన్‌లో వాళ్లు టిమాటిక్ అనే డేటాబేస్ చూస్తారు. మన దేశం, వెళ్లే దేశం, ముగింపు తేదీ కొడితే అది చెప్పేదే మాట. పత్రాలు సరిగా లేని మనిషిని తీసుకెళ్తే జరిమానా ఎయిర్‌లైన్స్ మీద పడుతుంది, వెనక్కి తెచ్చే బాధ్యత కూడా వాళ్లదే. అందుకే రెండు రోజులు తక్కువున్నా బోర్డింగ్ పాస్ ఇవ్వరు. విశాఖలో ఎక్కినా, భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టులో ఎక్కినా అంతే.

ఉద్దానం_కొబ్బరి:
112 రూపాయల లెక్క బాగుంది. కానీ అమల్లో ఉన్న రూలంతా న్యాయమే అనలేం. బాలిలో వీసా ఆన్ అరైవల్ (దిగాక అక్కడే ఇచ్చే వీసా) 30 రోజులకిస్తారు, ఇంకో 30 పొడిగించుకోవచ్చు. ఆ వీసా మీద 60 రోజులకు మించి ఎలాగూ ఉండనివ్వరు. మరి ఆరు నెలలు దేనికి? షెంగెన్ వాళ్లకు మూడు నెలలతో సరిపోవట్లేదా?

రాజాం_బస్టాండ్:
మీరిద్దరూ ఫీజు దగ్గరే ఆగిపోయారు. అసలు ఆలస్యమయ్యేది పోలీస్ వెరిఫికేషన్ దగ్గర. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశారు కదా. రాజాం, వంగర, రేగిడి, సంతకవిటి విజయనగరంలోకి వచ్చాయి. పాలకొండ, పార్వతీపురం వైపు మన్యం జిల్లా అయింది. పాత పాస్‌పోర్టులో ఈ నాలుగు మండలాలకూ జిల్లా శ్రీకాకుళం అనే ఉంటుంది. దాన్ని చూసి ఫారంలో అదే కొట్టేస్తారు. జిల్లా, పోలీసు స్టేషను ఇప్పుడున్నవే ఎంచుకోండి, లేకపోతే ఫైలు వేరే జిల్లాకు పోయి తిరిగొస్తుంది.

హైదరాబాద్‌లో ఉద్యోగం, ఫారంలో ఊరి అడ్రసు పెట్టేవాళ్లకు ఇంకో తలనొప్పి. కానిస్టేబుల్ ఇంటికొచ్చే రోజున మనిషి ఊళ్లో ఉండాలి.

పిల్లల పుస్తకాలు కూడా తీసి చూడండి. పదిహేనేళ్ల లోపు వాళ్లకు ఐదేళ్లే. అమ్మానాన్నలవి బాగానే ఉంటాయి, పిల్లాడిదే అయిపోయి ఉంటుంది. దానికి అనెక్సర్-డి (పిల్లల దరఖాస్తుకు తల్లిదండ్రులిచ్చే డిక్లరేషన్) మీద తల్లీ తండ్రీ ఇద్దరి సంతకాలూ కావాలి.

కోట_జంక్షన్:
అయితే ఆగస్టు 8కే దిగేలా టికెట్ మార్చుకుంటే?

నాగావళి_ఒడ్డు:
లెక్కకు సరిపోతుంది, ఫిబ్రవరి 8కి సరిగ్గా ఆరు నెలలు. కానీ విమానం ఆలస్యమై అర్ధరాత్రి దాటి దిగితే మళ్లీ ఒక రోజు తక్కువ. తత్కాల్ అదనం 2000, మొత్తం 3500. నలుగురికి టికెట్ తేదీలు మార్చే ఖర్చు దీనికన్నా తక్కువ అవుతుందని నేననుకోను. మామూలు దరఖాస్తుకు టైముంటే అదే చాలు, ముగింపుకు ఏడాది ముందు నుంచీ తీసుకుంటారు. పాస్‌పోర్టు ఆఫీసులో మీకిచ్చిన స్లాట్ రోజున పాత పుస్తకం ఒరిజినల్, దాని మొదటి రెండు, చివరి రెండు పేజీల జిరాక్సులు మీ సంతకంతో పట్టుకెళ్లండి.

ఉద్దానం_కొబ్బరి:
ఈ విషయంలో నేనూ ఇదే చెప్తాను, రూలు మీద నా అభ్యంతరం అలాగే ఉంచండి. ఒక్క జాగ్రత్త: కొత్త పుస్తకం చేతికి రాకముందు ఈ-వీసా డబ్బు కట్టకండి. అది పాస్‌పోర్టు నంబరుకు ముడిపడి ఉంటుంది, నంబరు మారితే మళ్లీ తీసుకోవాల్సిందే. అమెరికా వీసా సంగతి వేరు. స్టిక్కర్ పాడవకుండా ఉంటే పాత పుస్తకంలోనే చెల్లుతుంది, రెండూ కలిపి పట్టుకెళ్లాలి.

రాజాం_బస్టాండ్:
ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఈ రీఇష్యూలోనే సరిచేయించుకోండి. ఒక్క పదం పేరుంటే దుబాయ్ వాళ్లు విజిట్ వీసా మీద రానివ్వకపోవచ్చు, 2022 నవంబరు నుంచి ఆ రూలుంది. కొత్త నంబరు రాగానే టికెట్ బుకింగ్‌లో కూడా మార్చండి.