అప్‌డేట్: అక్కకి రక్షణ ఉత్తర్వు వచ్చింది

బావ కొడుతున్నాడు, స్టేషన్‌కి వెళ్తే "ఇంటి గొడవ, సర్దుకుపోండి" అని పంపేశారు, ఏం చేయాలి అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేశాం. వాళ్లు హైదరాబాద్ భరోసా సెంటర్‌కి వెళ్లమన్నారు.

2016లో మొదలైన ఈ సెంటర్‌లో పోలీసులు, కౌన్సెలర్లు, న్యాయ సలహాదారులు ఒకేచోట ఉంటారు. అదే పెద్ద ఊరట. జరిగిందంతా నలుగురికీ నాలుగుసార్లు చెప్పుకోవాల్సిన బాధ తప్పింది. అక్క ఏడుస్తుంటే కౌన్సెలర్ మేడమ్ పెన్ను పక్కన పెట్టి, మంచినీళ్లు దగ్గరికి జరిపి, తను తేరుకునేదాకా ఆగారు. ఆవిడ మేలు మర్చిపోలేం.

లాయరమ్మ 2005 గృహహింస చట్టం వివరించారు. ఇల్లు బావ పేరు మీదే ఉన్నా, అందులో ఉండే హక్కు అక్కకి ఉంది. మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేశాం, మధ్యంతర రక్షణ ఉత్తర్వు, అంటే కేసు తేలేదాకా బావ అక్కని హింసించకూడదన్న కోర్టు ఆదేశం, వచ్చింది. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ. కాపీ స్టేషన్‌కీ అందింది. ఎస్సై గారు బావని పిలిపించి చదివి వినిపించారు.

భరణం సంగతి ఇంకా తేలలేదు, వచ్చే నెల వాయిదా. దెబ్బల ఫొటోలు, ఆస్పత్రి చీటీలు దాచమన్నవాళ్లకి ప్రత్యేకంగా థాంక్స్. పిటిషన్‌కి అవే జతచేశాం.