‘అమ్మా అని పిలవనేలేదు’: ఈ మాట ఎవరిది?

ప్రశ్న: ‘చనిపోయాడు! నన్ను అమ్మా అని పిలవనేలేదు!’ అనే మాట ఎలెన్ వుడ్ నవల ‘ఈస్ట్ లిన్’లో ఎక్కడ వస్తుంది?

జవాబు: నవలలో ఎక్కడా రాదండి. అది నాటకం ఇచ్చిన మాట. 1861లో పుస్తకంగా వచ్చిన ఆ కథలో ఇసబెల్ భర్తనూ పిల్లలనూ విడిచి ఇంకొకడితో వెళ్లిపోతుంది. వాడు ఆమెను వదిలేస్తాడు. రైలు ప్రమాదంలో రూపం మారిపోతుంది, ఆమె చనిపోయిందనే అందరూ నమ్ముతారు. మారుపేరుతో తిరిగి వచ్చి, తన పిల్లలకే చదువు చెప్పే ఉద్యోగంలో చేరుతుంది. కొడుకు విలియం క్షయతో ఆమె కళ్లముందే పోతాడు.

తల్లి మనసులో ఏముందో నవల పుటలకొద్దీ చెప్పగలదు. రంగస్థలం మీద అది చివరి వరుసకు కూడా వినబడాలి. 1874లో నాటింగ్‌హామ్‌లో ఆడిన టి.ఎ. పామర్ నాటకంలో ఆమె ‘చనిపోయాడు’ అని ముమ్మారు అని, నన్ను ఎరగనేలేదు, అమ్మా అని పిలవనేలేదు అని విలపిస్తుంది. జనం నోట ‘ఎరగనేలేదు’ జారిపోయింది. జనం సరిగ్గానే ఏరుకున్నారని నా అభిప్రాయం. పిలవలేదంటే ఎరగలేదనే కదా!

అమెరికాలో వసూళ్లు తగ్గిన నాటక బృందాలకు ఒకప్పుడు ఈ కథే దిక్కుగా ఉండేది. ‘వచ్చే వారం ఈస్ట్ లిన్’ అన్నది అక్కడ నానుడి అయిపోయింది. మూకీల్లో థీడా బారా (1916), ఆల్మా రూబెన్స్ (1925) ఇసబెల్‌గా నటించారు. ఆన్ హార్డింగ్ నటించిన 1931 టాకీ ఉత్తమ చిత్రం ఆస్కార్‌కు పోటీపడింది. మన పొరుగున తమిళంలో 1952 నాటి ‘తాయుళ్ళం’ కూడా ఈ కథ ఆధారంగా తీసినదే.

మరో ప్రశ్న: తెలుగులో ‘అమ్మ అని పిలవలేదు’ అంటే సరిపోదా? దీర్ఘం అవసరమా?

జవాబు: అవసరమే. ఇంగ్లీషులో పేర్కొన్నా, పిలిచినా ఆ మాట రూపం ఒకటే. మనకు ‘అమ్మ’ వేరు, సంబోధనలోని ‘అమ్మా’ వేరు. ఇక్కడ ఆ తేడాయే ప్రాణం. నవలలో విలియం చావుకు ముందు, స్వర్గంలో అమ్మ ఉంటుందా, అక్కడ అందరం ఒకరినొకరు గుర్తుపడతామా అని ఆ పంతులమ్మనే అడుగుతాడు. అంటే ‘అమ్మ’ అన్న మాట ఆమె ఎదుటే వాడి నోట వచ్చింది. రానిది ‘అమ్మా’. అందుకని నేనైతే ‘ఒక్కసారైనా నన్ను అమ్మా అనకుండానే పోయాడు’ అని రాస్తాను.