షేక్‌స్పియర్‌ను జర్మన్‌లోకి అనువదించిన కౌంట్ బౌడిసిన్ గురించి తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న – ద్వారకానగర్ పాఠకుడు

అందరికీ నమస్కారం. మా పఠన బృందం వచ్చే నెల పౌర గ్రంథాలయంలో అనువాదకుల గురించి ఒక సభ జరుపుతున్నది. మన విశాఖలో సంస్థానాధీశులూ సాహిత్యమూ అనగానే ముందు గుర్తుకు వచ్చేది జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు. ఆయన స్వయంగా పండితుడూ కవీ అయినా, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చేసిన దానం వల్లనే ఎక్కువమందికి తెలుసు. విరాళం ఇచ్చి ఊరుకోకుండా, ఏళ్ల తరబడి కూర్చుని పరాయి రచనలను తన భాషలోకి తెచ్చిన ప్రభువంశీకుడి కోసం వెతుకుతుంటే వోల్ఫ్ ఫాన్ బౌడిసిన్ అనే కౌంట్ పేరు కనిపించింది. జర్మన్ షేక్‌స్పియర్‌ను ‘శ్లేగెల్–టీక్’ అనువాదమనే అంటారు కదా, మరి అందులో ఈయన పాత్ర ఎంత?

జవాబు – పెదవాల్తేరు నుంచి

చాలా పెద్దదండీ. జర్మన్ కవి, విమర్శకుడు శ్లేగెల్ 1797 నుంచి 1810 లోపు పదిహేడు షేక్‌స్పియర్ నాటకాల అనువాదాలు ప్రచురించి ఆ పని విడిచిపెట్టారు. మిగిలినవాటిని పూర్తి చేసే బాధ్యత డ్రెస్డెన్‌లో ఉన్న రచయిత లుడ్విగ్ టీక్ తీసుకున్నారు గాని, ఆ నాటకాలను అనువదించింది ఆయన కాదు. పదమూడింటిని బౌడిసిన్, ఆరింటిని టీక్ కుమార్తె డొరోథియా అనువదించారు. కింగ్ లియర్, ఒథెల్లో, ఆంటోనీ అండ్ క్లియోపాత్రా బౌడిసిన్ వాటాలోవే. అనువాదకులు తమ ప్రతిని టీక్ ఎదుట చదివేవారు. ఆయన తప్పొప్పులు చెప్పేవారు. ఆ చర్చల మీదట పాఠం స్థిరపడేది. 1833 నాటికి తొమ్మిది సంపుటాలూ వెలువడ్డాయి, వాటి ముఖపత్రాల మీద మాత్రం శ్లేగెల్, టీక్ పేర్లే ఉన్నాయి.

ఆయన జీవితం గురించి కూడా మీ సభలో చెప్పండి. 1789లో కోపెన్‌హేగెన్‌లో పుట్టి, డెన్మార్క్ రాయబార కార్యాలయాల్లో ఉద్యోగం చేశారు. 1813లో డెన్మార్క్ నెపోలియన్ పక్షాన నిలిచినప్పుడు, ఆ పొత్తు కోసం వెళ్లే దౌత్యబృందంతో పోనని నిరాకరించి ఫ్రీడ్రిక్‌సోర్ట్ కోటలో ఖైదు అనుభవించారు. రాజు మాట కాదనడానికి వెనుదీయని ఆ మనిషే, తన పదమూడు నాటకాలు ఇతరుల పేరిట అచ్చవుతుంటే అభ్యంతరం చెప్పలేదు. నా దృష్టిలో ఆయన గొప్పతనం అక్కడే ఉంది.

జవాబు – ఎం.వి.పి. కాలనీ నుంచి

పై మిత్రులు చెప్పిన వివరాలతో ఏకీభవిస్తాను గాని, చివరి మాట దగ్గర ఆగవలసి వస్తున్నది. జీవనోపాధికి ఆ పుస్తకం మీద ఆధారపడని కౌంట్‌కు పేరు లేకపోవడం వల్ల పెద్దగా పోయేదేమీ లేదు. పైగా చివరి సంపుటంలో టీక్ ఆయన పేరు ప్రకటించారు. మెక్‌బెత్‌నూ కొరియొలేనస్‌నూ జర్మన్‌లోకి తెచ్చిన సొంత కూతురిని మాత్రం, పేరు చెప్పుకోవడం ఇష్టం లేని మరొక అనువాదకుడన్నట్లుగానే ప్రస్తావించారు. ఆమె 1841లో, నలభై రెండేళ్లయినా నిండకుండానే కన్నుమూశారు. బౌడిసిన్‌ను స్మరించే సభలో డొరోథియా పేరు వినిపించకపోతే ఆనాటి అన్యాయాన్ని మనమూ కొనసాగించినట్లే అవుతుంది. మచ్ అడో అబౌట్ నథింగ్‌ను ఆ ఇద్దరూ కలిసి చేశారు కనుక, చదివి వినిపించడానికి ఆ నాటకం నుంచి ఒక దృశ్యం ఎంచుకుంటే బాగుంటుంది.

జవాబు – పెదవాల్తేరు నుంచి

మీరన్నది న్యాయమేనండీ, ఇద్దరి పేర్లూ కలిపే చెప్పాలి. బౌడిసిన్ పని షేక్‌స్పియర్‌తో ఆగిపోలేదన్న సంగతి కూడా చేర్చుకోండి. ఆంగ్ల నాటకకర్త బెన్ జాన్సన్, ఆయన సమకాలికుల నాటకాలను 1836లో జర్మన్‌లో వెలువరించారు. మధ్యయుగపు జర్మన్ కావ్యమైన ఐవైన్‌ను 1845లో ఆధునిక జర్మన్‌లోకి మార్చారు. ఫ్రెంచి నాటకకర్త మొలియేర్ హాస్యనాటకాల అనువాదం 1865లో మొదలై 1867లో ముగిసేసరికి ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఈసారి ముఖపత్రం మీద ఆయన పేరే ఉంది.