మూడు రోజుల ముసురు తర్వాత ఆదివారం అనంతగిరికి ఎమ్‌టీబీ (మౌంటెన్ బైక్): వెళ్ళొచ్చా, మానుకోవాలా?

సాగరతీరం (శుక్రవారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. మాది విశాఖ, ఉద్యోగం హైదరాబాదులో. ఎనిమిది నెలల కింద హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే మౌంటెన్ బైక్) కొన్నాను: 29 అంగుళాల చక్రాలు, 2.25 అంగుళాల టైర్లు (లోపల ట్యూబులే), హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. ఇప్పటిదాకా ఎండిన దారుల్లో తప్ప తొక్కలేదు.

ఈ ఆదివారం ముగ్గురం కలిసి వికారాబాద్ వెళ్దామని అనుకుని నెలవుతోంది. కారు మీద సైకిళ్ళు కట్టుకుని పొద్దున్నే అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర దిగాలి, గుట్ట మీద అడవి బాటల్లో ఒక చుట్టు తిరగాలి, తర్వాత పొలాల మధ్య బండ్ల బాట పట్టి కోట్‌పల్లి ప్రాజెక్టు దాకా పోవాలి. అన్నీ కలిపి 35 కిలోమీటర్లు ఉండొచ్చు. తీరా చూస్తే బుధవారం నుంచి ముసురు. ఒక యాప్ ఆదివారం తెరపి ఇస్తుందంటోంది, ఇంకోటి ఎల్లో అలర్ట్ అంటోంది. మా ఆవిడ మాత్రం ఏ అలర్టూ చూడకుండానే తీర్పు చెప్పేసింది.

ఒకడి సైకిలుకి డిస్కులు లేవు, వీ-బ్రేకులు (రబ్బరు ముక్కలు రిమ్ముని నొక్కే రకం). ఇంకొకడు బాగానే తొక్కుతాడు కానీ తొందరెక్కువ. ప్లాన్ ఉంచాలా, మానేయాలా? వెళ్తే టైర్లలో గాలి ఎంత ఉంచాలి? తడిస్తే సైకిలు తుప్పు పట్టిపోతుందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.


వానపిట్ట (శుక్రవారం, రాత్రి 11:05)

ఇంత ఆలోచిస్తే సైకిలెందుకు బ్రో, క్యారమ్స్ కొనుక్కోవాల్సింది. వెళ్ళిపోండి. ఆకుపచ్చటి గుట్ట, మంచు, చేతిలో వేడి వేడి మిర్చి బజ్జీ. తడవకపోతే వానాకాలం ఎందుకు?


రేగడి బిడ్డ (శనివారం, ఉదయం 6:20)

తమ్మీ, మాది తాండూరు దిక్కు. ఆ గుట్ట మీద, దాని కింద చేన్లల్ల పదేండ్ల నుంచి తొక్కుతున్న. జర ఓపికతోని చదువు.

నువ్వు ఫోన్ల మబ్బుల బొమ్మ చూస్తున్నవ్. మా నాయిన ఎన్నడూ మబ్బును చూసి నాగలి కట్టలే. తెల్లారంగ చేన్లకు పోయి, బెత్తెడు లోతు గీకి, పిడికెడు మట్టి తీసి పిసికేటోడు. ముద్దయి, కిందికి ఇడిస్తే పగిలిందనుకో, పదునున్నట్టు. ముద్ద ముద్దలెక్కనే ఉండి అరచేతికి అంటుకుంటే ఎడ్లు కొట్టంలనే. వాన పడుతుందా లేదా అన్నది ఆయనకు రెండో మాట. నేల ఎట్లున్నది అన్నదే మొదటి మాట.

సైకిలుకు కూడా గదే లెక్క. పదునున్న నేల మీద టైరు పట్టినట్టు ఎండిన దుబ్బల కూడా పట్టది. వాన వెలిసిన తెల్లారి ఎర్రమట్టి బాట మీద తొక్కి చూడు, మూల తిరుగుతుంటే నీకే తెలుస్తది. ఎండకాలం జారే మొరం కూడా ఆ రోజు గట్టిగ కూసుంటది. అందుకే ‘వానల పోవద్దు’ అనేటోడు, ‘వాననే మజా’ అనేటోడు, ఇద్దరూ సగమే చెప్తున్నరు.

ఇగ నీ రూటు సంగతి. అది ఒక్క రూటు కాదు, రెండు నేలలు. గుట్ట మీద ఉన్నది ఎర్రరాయి, తేనెపట్టు లెక్క బొక్కలు బొక్కలు ఉంటది, లాటరైట్ అంటరు. వాన పడితే నీళ్ళు ఇంకుతయి, నిలబడయి. రాత్రంత కొట్టినా, తెరపిచ్చినంక మూడు నాలుగు గంటలు ఆగితే తొక్కొచ్చు. గుట్ట దిగి కోట్‌పల్లి దిక్కు బండ్ల బాట పట్టినవనుకో, అక్కడ నల్లరేగడి. తాండూరు కంది పండేది ఈ నేలలనే, 2022ల జీఐ గుర్తింపు వచ్చింది దానికి. పంటకు బంగారం, చక్రానికి యముడు. ఆ మట్టిల బంకమన్ను నీళ్ళు తాగి ఉబ్బుతది. మే నెలల చెయ్యి పట్టేంత నెర్రెలు వాసిన చేనే జులైల జిగురైతది. మూడు రోజుల ముసురు అంటున్నవ్, అంటే ఆదివారం ఎండ కాసినా సుత అది ఆరది. దానికి ముసురు ఆగినంక ఇంకో మూడు నాలుగు రోజుల ఎండ కావాలె.

నా కథ చెప్త. మూడేండ్ల కింద పుష్యమి కార్తెల, ఇట్లనే, పొద్దున ఎండ చూసి ఆ బాట దిగిన. మొదటి యాభై గజాలు మంచిగనే పోయింది. తర్వాత టైరు లావైంది. మట్టి మీద మట్టి, దాని మీద గడ్డి, ఇటుక బట్టీల కలిపినట్టు కలిసింది. ముందర ఫోర్కు కింద, ఎనక ఫ్రేము సందుల ఇరికి చక్రం తిరుగుడు బందయింది. దిగి తోస్తే చక్రం తిరగకుండ గీసుకుంట వస్తున్నది. చెప్పులల్ల మట్టి, చేతులల్ల మట్టి. కందికట్టె పుల్ల ఏరి గీకుడు, పది గజాలు తోసుడు, మళ్ళ గీకుడు. కోపం పట్టలేక ఎక్కి బలవంతంగ తొక్కిన. టక్కుమని, గేర్లు మార్చే డీరైల్యూర్‌ను పట్టుకునే హ్యాంగర్ ఇరిగి, డీరైల్యూర్ పోయి చువ్వలల్ల పడ్డది. ఆడికెళ్ళి రెండు కిలోమీటర్లు సైకిలును భుజం మీద మోసిన. 14 కిలోల సైకిలు ఆ రోజు ఎంత బరువున్నదో నేను తూకం ఎయ్యలే గని, నా భుజానికి తెలుసు.

ఒడ్డు మీద కూసున్న ముసలాయన చుట్ట తీసి అన్నడు: ‘మా ఎడ్లకున్న తెలివి లేకపాయె బిడ్డా నీకు. అవి దిగుమన్నా దిగవు.’ గా మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

కాబట్టి నా లెక్క: పోండ్రి, కానీ సగం ప్లాన్ ఇడిచిపెట్టి. గుట్ట మీదనే పోయి రావాలె. తెల్లారంగనే కాదు, ఎనిమిదికి మొదలువెట్టు. పొద్దుగాల గుట్ట మీద మంచుల ముందర బండి కనపడది, ఎనక నువ్వు కనపడవు. గుడి దగ్గర దిగంగనే పిడికెడు మట్టి పిసుకు. ముద్ద పగిలితే తొక్కు. పగలకపోతే దేవుని దర్శనం చేసుకొని ఎనకకు మర్రు, టికెట్ కొన్నవా ఏంది.

ఇంకొక్క మాట, ఇది ఎగతాళి కాదు. వాగు. ముసురుల వాగు మెల్లగ పెరుగుతది. పొయ్యేటప్పుడు చీలమండల దాక ఉన్నది, వచ్చేటప్పటికి మోకాలు దాటుతది. జోరుగ ఉరికే నీళ్ళు 15 సెంటీమీటర్లున్నా మనిషిని పడగొడతయి, రెండింతలైతే చిన్న కారు తేలుతది. రంగు మారిన నీళ్ళ అడుగు కనపడకుంటే సైకిలు తోని గాదు, కాలుతోని గూడ దిగకు. మీరు కారుల వస్తున్నరు కదా, ఎనకకు వచ్చే తొవ్వల లోలెవల్ కల్వర్టులు ఎన్నున్నయో ముందే చూసుకోండ్రి.


గ్రీజు చేతులు (శనివారం, ఉదయం 9:15)

రేగడి బిడ్డ అన్న నేల సంగతి చెప్పేశాడు కాబట్టి నేను సైకిలు సంగతి చెప్తాను. నాది చిన్న రిపేరు షాపు. జులై వచ్చిందంటే నా దగ్గరికి వచ్చే సైకిళ్ళలో సగం వాన వల్ల పాడైనవి కావు. వాన తర్వాత ఇంట్లో పాడు చేసుకున్నవే.

వీ-బ్రేకుల ఫ్రెండుని ఈసారికి ఇంట్లో ఉండమనండి, లేదా రోడ్డు మీదే తొక్కమనండి. రిమ్ము తడిస్తే మొదటి రెండు మూడు చుట్లు బ్రేకు నీళ్ళు తుడవడానికే సరిపోతుంది, ఆ తర్వాత గానీ పట్టదు. పైగా రిమ్ముకి, రబ్బరుకి మధ్య ఇసుక చేరితే గరుకు కాగితంతో రుద్దినట్టే. ఒక్క వానాకాలంలో అరిగిపోయిన రిమ్ములు నా దగ్గర గోడకి వేలాడుతున్నాయి.

డిస్కులు నయం. కానీ ప్యాడ్లు రెజిన్‌వా, లోహం కలిపినవా చూసుకోండి. బురదనీళ్ళలో రెజిన్ ప్యాడ్లు చాలా తొందరగా అరుగుతాయి. సింటర్డ్ (లోహం కలిపినవి) వేద్దామనుకుంటే ముందు రోటర్ (ప్యాడ్లు నొక్కే లోహపు బిళ్ళ) మీద ‘రెజిన్ ఓన్లీ’ అని రాసి ఉందేమో చదవండి. ఉంటే వెయ్యకూడదు, ఆ ప్యాడ్లు రోటర్‌ని తినేస్తాయి.

గాలి: మీ బరువు 70 కిలోల దగ్గర అనుకుంటే, మామూలుగా వెనక 30 పీఎస్ఐ ఉంచే చోట 27 చాలు, ముందు ఇంకో రెండు తక్కువ. ఇంకా తగ్గించి బెలూన్ చేసెయ్యకండి, ట్యూబులున్నాయి కదా, రాయి తగిలితే పాము కాటులా రెండు కన్నాలు పడతాయి.

తొక్కేటప్పుడు తడి వేరు, తడిసిన టేకాకు, నున్నటి బండ, ఈ మూడింటి మీదా బ్రేకు నొక్కొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. అంతకుముందే వేగం తగ్గించుకుని, అడ్డంగా, నిటారుగా దాటేయండి. మీ తొందరెక్కువ ఫ్రెండుకి ఇది రెండుసార్లు చెప్పండి.

తుప్పు గురించి భయపడకండి, పైపు పట్టుకుని కార్ వాష్‌లో కొట్టించడం గురించి భయపడండి. ఆ ఫోర్సుకి హబ్బుల్లోకి, పెడళ్ళ ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్‌లోకి నీళ్ళు దూరి గ్రీజు కొట్టుకుపోతుంది. బకెట్టు, మగ్గు, పాత పళ్ళ బ్రష్షు చాలు. కడిగాక చెయిను పాత బనీనుతో తుడిచి, ఆరాక నూనె. అదే రోజు రాత్రి చెయ్యాలి సుమా, ‘రేపు చూద్దాం’ అంటే సోమవారానికి చెయిను నారింజ రంగు.


చిన్నక్క (శనివారం, మధ్యాహ్నం 12:30)

నేను అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో, బౌల్డర్ దగ్గర ఉంటాను, పుట్టింది మాత్రం చేవెళ్ళ పక్కన. ఇక్కడా బంకమట్టే. మంచు కరిగి దారులు మెత్తబడ్డప్పుడు బౌల్డర్ నగరం వాళ్ళు కొన్ని బాటలు మూసేస్తారు, నడిచేవాళ్ళకి కూడా. ఎందుకంటే మెత్తటి నేలలో పడ్డ టైరు గాడి ఎండాక రాయిలా గట్టిపడుతుంది, తర్వాతి వానకి నీళ్ళు ఆ గాడిలోనే పారి దారి కాలువవుతుంది. మొదట్లో ‘ఇదేం చాదస్తం’ అనుకునేదాన్ని.

మనవైపు బోర్డు పెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. ఉన్నది ఒకరి చేను. బురద గుంట కనపడగానే మనం ఏం చేస్తాం? పక్కనున్న గెట్టు మీద నుంచి పోతాం. తడి గెట్టు మీద టైరు పోతే తెగుతుంది, మడిలో నీళ్ళు కిందికి పోతాయి, రైతు పొద్దున్నే పార పట్టుకుని వస్తాడు. మా పెదనాయిన అలాంటి గండి ఒకటి పూడుస్తూ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. గుంట వస్తే మధ్యలోంచే పోండి, లేదా దిగి నడవండి, లేదా వెనక్కి తిరగండి.

ముసురులో పిడుగుల బెడద తక్కువే గానీ మధ్యాహ్నం ఎండ కాసి ఉక్కపోస్తే జాగ్రత్త. దామిని అనే యాప్ ఉంది, పుణె ఐఐటీఎమ్ వాళ్ళది, 20 నుంచి 40 కిలోమీటర్ల లోపు పిడుగుల సంగతి చెప్తుంది. అడవి బాటలోకి వెళ్ళే ముందు అటవీ శాఖ వాళ్ళని అడిగి వెళ్ళండి, వాళ్ళకి ఏ వాగు ఎలా ఉందో మనకంటే తెలుసు.


సాగరతీరం (ఆదివారం, రాత్రి 8:50)

అందరికీ థాంక్స్. వెళ్ళొచ్చాం, అందరం బాగానే ఉన్నాం. ఏం జరిగిందో చెప్తాను.

పొద్దున ఐదింటికి హైదరాబాదులో కుండపోత. మా ఆవిడ దుప్పటి తీయకుండానే ‘చెప్పానా’ అంది. ఏడింటికి తగ్గింది, బయల్దేరాం. వీ-బ్రేకుల వాడు ‘నేను కారు తోలతా, మీరు తొక్కండి’ అన్నాడు, పాపం. గుడి దగ్గరికి చేరేసరికి తొమ్మిదిన్నర. జనం చూస్తుండగా వంగి మట్టి పిసకడానికి సిగ్గేసింది కానీ పిసికాను. వదిలితే మూడు ముక్కలైంది. కొంచెం అంటుకుంది కూడా. దాన్ని ఏమనాలో తెలియక ఇంకో అరగంట టీ తాగి, చెక్‌పోస్టులో అడిగి, మొదలుపెట్టాం.

గుట్ట మీద పదకొండు కిలోమీటర్లు తొక్కాం. రేగడి బిడ్డ అన్నా, నువ్వు చెప్పిన ఆ పట్టు నిజమే. వేసవిలో అదే మలుపులో నేను కాలు కింద పెట్టాను, ఇవాళ పెట్టలేదు. ఒకచోట వేరు మీద వెనక చక్రం పక్కకి పోయింది, బ్రేకు మీద వేలు లేదు కాబట్టి బతికిపోయాను. ఒక చిన్న వాగు దగ్గర అడుగు కనపడలేదు. అక్కడినుంచే వెనక్కి తిరిగాం.

నల్లరేగడి ఎలా ఉంటుందో చూడాలని ఆశ చావక, దిగాక కారు ఆపి రోడ్డు పక్క బండ్ల బాటలోకి నడిచాను, సైకిలు లేకుండా. పది అడుగులకి బూటు ఊడి అక్కడే ఉండిపోయింది. రెండు చేతులతో లాగాల్సి వచ్చింది.

పడ్డది ఒక్కడే, మన తొందరెక్కువ. అదీ అడవిలో కాదు, హోటల్ ముందు పరిచిన షాబాద్ బండల మీద, సైకిలు స్టాండు వేయబోయి. మోచెయ్యి గీరుకుంది. బజ్జీలు చల్లారేలోపు లేచాడు.

ఒక సందేహం మిగిలింది. తిరిగొచ్చాక బకెట్టు, మగ్గు పద్ధతిలోనే కడిగాను. ఇప్పుడు వెనక బ్రేకు నొక్కితే వీధి కుక్కలన్నీ లేస్తున్నాయి, అంత కీచు. చెయినుకి నూనె కొట్టేటప్పుడు రోటర్ మీద చుక్క పడిందేమో?


గ్రీజు చేతులు (ఆదివారం, రాత్రి 9:20)

స్ప్రే నూనె కొట్టారు కదూ? పడే ఉంటుంది. రోటర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రమైన గుడ్డ పెట్టి తుడవండి, వేలు తగలనివ్వకండి. ప్యాడ్లు తీసి సన్న గరుకు కాగితం మీద నాలుగు రుద్దులు రుద్దండి. అయినా కీచుమంటే నూనె లోపలికి ఇంకినట్టే, కొత్తవి వేయాల్సిందే. ఎటూ వేస్తున్నారు కాబట్టి రోటర్ మీద ఏం రాసుందో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.