ఓల్డ్ పల్ట్నీలో ఆ ఉప్పదనం ఎక్కడిది?

మా బావ లండన్ నుంచి ఓల్డ్ పల్ట్నీ అనే స్కాచ్ విస్కీ, 12 ఏళ్లది తెచ్చాడు. నిన్న మణికొండలో మేడ మీద మొదటి గుక్క తాగితే నాలుక చివర సన్నగా ఉప్పు తగిలింది, తర్వాత తేనెలాంటి తీపి. సముద్రపు నీళ్లేమైనా కలుపుతారా?

జవాబు: లేదన్నా, ఏమీ కలపరు. స్కాట్లాండ్ ఉత్తరాన విక్ అనే రేవు ఊళ్లో 1826లో జేమ్స్ హెండర్సన్ పెట్టిన డిస్టిలరీ అది, అప్పట్లో ఆ ఊరికి హెర్రింగ్ చేపలే బతుకు. 1922 నుంచి 1947 దాకా అక్కడ మద్యనిషేధం, డిస్టిలరీ కూడా 1930లో మూతపడి 1951లో గానీ తెరుచుకోలేదు. అయినా నిలబడింది చూడండి!

జవాబు: వాళ్ల రాగి బట్టీ (విస్కీ కాచే పాత్ర) ఫొటో చూడండి, పైన మామూలుగా ఉండే హంసమెడ లాంటి వంపు ఉండదు. గదిలో పట్టక పైభాగం కోసేశారని చెప్పుకుంటారు.

ఐసు వేయొచ్చా మరి?

జవాబు: వద్దు, రెండు చుక్కలు మంచినీళ్లు చాలు. పక్కన మిర్చిబజ్జీ పెట్టుకుంటే ఆ ఉప్పు అసలు తెలియదు.