చేనుకు పురుగుమందు కొట్టి మంచాన పడ్డ కూలీకి పరిహారం ఎవరివ్వాలి: చేను రైతా, మందు కంపెనీయా?

పెన్‌గంగ ఒడ్డు:
మాది యవత్మాల్ జిల్లాలో పాటన్‌బోరి దగ్గర ఒక ఊరు. మా బావకు సెంటు భూమి లేదు, దినకూలి. పోయిన సీజన్‌లో ఒకరి పత్తి చేనుకు మందు కొడుతుంటే మధ్యాహ్నానికి కళ్లు మసకబారాయి, నోట్లో నురగ వచ్చి గట్టు మీదే పడిపోయాడు. సర్కారు దవాఖానాలో ఐసీయూలో ఉంచారు, బతికి బయటపడ్డాడు. కానీ ఇప్పుడు అరికాళ్లలో తిమ్మిరి, ఎడమ చేతికి పట్టు లేదు. పంపు వీపున వేసుకోలేడు.

చేను రైతు దవాఖానా ఖర్చుకు 20,000 ఇచ్చాడు, కాదనను. ఇంకో 30,000 ఇస్తానని, బాండు పేపర్ మీద సంతకం పెట్టమని ఇప్పుడు అడుగుతున్నాడు. ఒకే ఊళ్లో బతకాల్సినవాళ్లు, తీసుకోండి అని పోలీస్ పాటిల్ (ఊళ్లో సర్కారు తరఫు పెద్ద) కూడా చెప్తున్నాడు. బాండు మరాఠీలో ఉంది, బావకు చదవరాదు. నేను చదివాను. మూడో లైనులో "చేతి తొడుగులు, మాస్కు ఇచ్చినా నేను వాడలేదు" అని రాసి ఉంది. అవి ఎవరూ ఇవ్వలేదు. కిరాణా బాకీ పెరుగుతోందని అక్క తీసుకుందామంటోంది. సంతకం పెట్టాలా వద్దా? కేసు వేస్తే ఎవరి మీద వేయాలి?

కేళాపూర్ రైతు:
తమ్ముడూ, మీ బావ పరిస్థితి చదివితే బాధేసింది. కానీ రైతు మీద కేసు వేయొద్దు. నేనూ పత్తి రైతునే. కూలీ దొరకని రోజు ఆ పంపు నేనే మోస్తాను, ఆ మందు నేనే పీలుస్తాను. ఏ మందులో ఏం కలపాలో మాకు చెప్పేది కృషి కేంద్రలో, అంటే మందుల దుకాణంలో, కూర్చున్నవాడు. 2017లో మన జిల్లాలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. చేను మనిషి ఎత్తు దాటి పెరిగింది, మందు తల మీద నుంచి పడింది. 20 మంది వరకు పోయారు, వందల మంది దవాఖానాల పాలయ్యారు. అందులో రైతులూ ఉన్నారు, కూలీలూ ఉన్నారు. లాభం తిన్నవాడిని వదిలేసి, అప్పులో ఉన్నవాడిని కోర్టుకు లాగితే ఎవరికి మేలు? 30,000 తీసుకుని ఊళ్లో మాట నిలబెట్టుకోండి.

ఝరి కూలీ బిడ్డ:
అన్నా, రైతు కష్టం మాకు తెలుసు. కానీ ఒక్క మాట అడుగుతా. రైతుకు మందు విషం ఎక్కి ప్రాణం పోతే గోపీనాథ్ ముండే పేరు మీద సర్కారు పథకం ఉంది, 2 లక్షలు వస్తాయి. దానికి ఏం కావాలి? సాత్‌బారాలో, అంటే భూమి పత్రంలో, పేరు ఉండాలి, లేదా ఆ ఇంటి మనిషై ఉండాలి. భూమి లేని కూలీకి ఆ తలుపే లేదు. అదే చేను, అదే మందు, మోసిన వీపు మాత్రం వేరు. అలాంటప్పుడు కూలీ ఎవరిని అడగాలి? పనికి పిలిచినవాడినే అడుగుతాడు. తొడుగులు ఇవ్వకుండా ఇచ్చానని రాయించుకోవడం ఏం న్యాయం? నేనైతే సంతకం పెట్టనివ్వను.

ఆదిలాబాద్ నర్స్:
చట్టం సంగతి నాకు తెలియదు, జబ్బు సంగతి చెప్తాను. ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుమందుల్లో కొన్నింటి విషయంలో ముందు వచ్చే లక్షణాలు తగ్గాక, రెండు మూడు వారాలకు కాళ్లలో తిమ్మిరి, చేతుల్లో బలహీనత మొదలుకావచ్చు. ఇంటికి పంపిన రోజు బాగానే ఉన్నాడు అనే మాట మీద లెక్క కట్టకండి. నరాల డాక్టర్‌కు చూపించి, నరాల పరీక్ష చేయించి, శాశ్వత వైకల్యం ఎంత శాతమో రాయించుకోండి. మొదటిరోజు రక్తంలో కోలినెస్టరేజ్ (ఈ మందులు దెబ్బతీసే ఎంజైమ్) చూసి ఉంటే ఆ రిపోర్టు తీయండి. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎన్ని డోసులు ఇచ్చారో కేస్ షీట్‌లో ఉంటుంది. అది కూడా సాక్ష్యమే. డిశ్చార్జ్ కార్డు ఒక్కటే సరిపోదు, మొత్తం కేస్ షీట్ నకలు అడగండి.

వణి కోర్టు గుమాస్తా:
వకీలు దగ్గర పనిచేస్తాను. రైతు అన్న, ఝరి బిడ్డ ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. కానీ రైతా, కంపెనీయా అని విడదీసి అడిగితే దారి దొరకదు.

ముందు బాండు సంగతి. ఆ మూడో లైను రైతును మాత్రమే కాపాడదు, కంపెనీని అంతకంటే ఎక్కువ కాపాడుతుంది. 2019 వినియోగదారుల చట్టంలో సరుకు వల్ల జరిగిన హానికి తయారీదారు బాధ్యత అని ఒక అధ్యాయమే ఉంది. అందులోనే 87వ సెక్షన్ కంపెనీకీ, అమ్మినవాడికీ తప్పించుకునే దారులు ఇచ్చింది. సరుకును తప్పుగా వాడితే దాన్ని అమ్మినవాడికి బాధ్యత లేదు. హెచ్చరికలు సరిగా లేవనే కేసులో, పనిచోట వాడటానికి యజమాని కొని, ఆ యజమానికి కంపెనీ హెచ్చరికలు ఇచ్చి ఉంటే కంపెనీకి బాధ్యత లేదు. కంపెనీ వకీలు చేసే మొదటి పని రైతు వైపు వేలు చూపించడమే. తొడుగులు ఇచ్చినా వాడలేదని మీ బావ వేలిముద్ర ఉన్న కాగితం ఆ వకీలు చేతికి అందితే కేసు అక్కడికే నీరుగారిపోతుంది.

డబ్బు తీసుకోవద్దని నేను అనను. అక్క చెప్పేది ఆకలి మాట. "వైద్య ఖర్చుల కింద ఇంత ముట్టింది" అని ఒక్క లైను రసీదు రాసి తీసుకోండి. ఇంక ఎవరి మీదా దావా వేయను అనే మాట గానీ, తొడుగుల మాట గానీ అందులో ఉండకూడదు.

ఇక కేసు. కూలీ కొనుక్కోలేదు కదా, వినియోగదారుడు ఎలా అవుతాడని చాలామంది అనుకుంటారు. కొన్నవాడి అనుమతితో వాడినవాడు కూడా చట్టం ప్రకారం వినియోగదారుడే. వ్యాపారానికి కొన్న సరుకని వాళ్లు వాదిస్తారు. బతుకుతెరువు కోసం సొంతంగా చేసుకునే పనికి వాడితే అది వ్యాపారం కిందికి రాదని చట్టంలోనే వివరణ ఉంది, మన వాదన దాని మీద నిలబడాలి. బాధితుడు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. ఫీజును అడిగే పరిహారం మీద కాకుండా సరుకుకు కట్టిన ధర మీద లెక్కిస్తారు. మందు డబ్బా ధరకు ఫీజు ఏమీ ఉండదు. గడువు రెండేళ్లు. పెద్దమనుషుల మాటలతో ఆ రెండేళ్లు కరిగిపోయిన కేసులు మా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి.

పాత ఉద్యోగుల పరిహార చట్టం గురించి కూడా అడుగుతారు. 1923 నాటి ఆ చట్టం జాబితాలో సాగు పని అంటే ట్రాక్టర్‌తో గానీ, యంత్రంతో గానీ, కరెంటుతో గానీ నడిచే పనిముట్లతో చేసేది. ఇప్పుడు అది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. చేతి పంపు దాని కిందికి రావడం కష్టం. బ్యాటరీ పంపైతే వాదించే వీలుంది. మీ బావ ఏ పంపు వాడాడో రాసిపెట్టుకోండి.

కేళాపూర్ రైతు:
కంపెనీతో కొట్లాడి గెలిచిన కూలీని ఒక్కడిని చూపించండి. 2017 బాధితుల తరఫున 2020లో సింజెంటా కంపెనీ మీద ఏకంగా స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో కేసు వేశారు. చనిపోయిన ఇద్దరి భార్యలు, బతికిన ఒక రైతు. మా మందు వల్ల కాదని కంపెనీ అంది. ఇంత దూరం పోతే తప్ప ఎవరూ పలకకపోతే, ఈ మనిషికి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

వణి కోర్టు గుమాస్తా:
ఆ భయం నిజమే అన్నా. కానీ 2017లో సర్కారు ప్రొఫెనోఫాస్-సైపర్‌మెత్రిన్, ఫిప్రోనిల్-ఇమిడాక్లోప్రిడ్, ఎసిఫేట్, డయాఫెంథియురాన్, మోనోక్రోటోఫాస్ అమ్మకాన్ని యవత్మాల్‌తో కలిపి అయిదు జిల్లాల్లో 60 రోజులు ఆపింది. తప్పంతా వాడినవాడిదే అయితే అమ్మకం ఎందుకు ఆపుతారు? పేదవాడికి ఓపిక ఉండదని వాళ్లకు తెలుసు, అందుకే సాగదీస్తారు. వకీలు ఫీజు భయం మాత్రం వద్దు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు జిల్లా న్యాయ సేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి. ఒక్క జాగ్రత్త: లోక్ అదాలత్‌లో రాజీకి ఒప్పుకుంటే దాని మీద అప్పీలు ఉండదు. వైకల్యం శాతం తేలకముందే అక్కడ సంతకం చేయకండి.

రైతు పేరు కేసులో ఉండాలి, నా మాట ఇదే. ఆయన్ని పీల్చేయడానికి కాదు. బిల్లు ఆయన దగ్గర ఉంది, ఏ మందులో ఏది కలపమని దుకాణంవాడు చెప్పాడో ఆయనకే తెలుసు. ఆయనే ఆ మాట రాసి ఇస్తే కంపెనీ వేలు తిరిగి కంపెనీ వైపే పోతుంది. రాసివ్వకుండా బాండు కోసమే పట్టుబడితే, అప్పుడు తన వాటా తాను మోయాల్సిందే.

ఝరి కూలీ బిడ్డ:
ఇంకో పాయింట్. డబ్బాతో వచ్చే కాగితం హిందీ, ఇంగ్లీషు, మరాఠీలో ఉంటుంది. ఈ పట్టీలో మందు కొట్టే కూలీల్లో తెలుగు, గోండి, కోలామి మాట్లాడేవాళ్లు ఎంతమంది! అత్యంత విషమని చెప్పే ఎర్ర త్రికోణం గుర్తు ఒక్కటే మేము గుర్తుపట్టగలిగే హెచ్చరిక, దాని అర్థం కూడా ఎవరూ చెప్పరు. ఇది కూడా కేసులో రాయించండి.

పెన్‌గంగ ఒడ్డు:
అందరికీ దండాలు. నిన్న సాయంత్రం నేనూ బావా రైతు ఇంటికి పోయాం. గుమాస్తా అన్న చెప్పిన మాటే చెప్పాం: డబ్బులు తీసుకుంటాం, రసీదు ఇస్తాం, బాండు వద్దు, బిల్లు నకలు కావాలి. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి పోయి రెండు ఖాళీ డబ్బాలు తెచ్చి మా ముందు పెట్టాడు. రెండింటి మీదా ఎర్ర త్రికోణమే, బ్యాచ్ నంబర్లు చెరిగిపోలేదు. ఫోటోలు తీసుకున్నాను. బిల్లు మాత్రం దుకాణంవాడు ఇవ్వలేదట, చీటీ మీద లెక్క రాసి ఇచ్చాడట. ఆ చీటీ ఉంది. రాసివ్వడానికి వాళ్ల కొడుకును అడిగి చెప్తానన్నాడు. సోమవారం యవత్మాల్‌కు కేస్ షీట్ కోసం పోతున్నాం. గుమాస్తా అన్నా, బిల్లు లేకుండా ఆ చీటీ నడుస్తుందా?

వణి కోర్టు గుమాస్తా:
నడుస్తుంది. లైసెన్సు ఉన్న దుకాణం బిల్లు ఇవ్వకుండా మందు అమ్మడమే తప్పు, ఆ చీటీ ఆ తప్పుకు రుజువు. దుకాణం పేరు, చేతిరాత కనిపించేలా ఫోటో తీసి, అసలు చీటీ మీ దగ్గరే ఉంచుకోండి. డబ్బాలు కడగకండి, ప్లాస్టిక్ సంచిలో కట్టి పిల్లలకు అందకుండా పెట్టండి. వాటిని ముట్టుకునేటప్పుడు ఈసారైనా తొడుగులు వేసుకోండి.